పంచుకున్నది ఎవరి సొత్తు?

ఐపీఎల్ వేలమో, ప్రో కబడ్డీ వేలమో దగ్గరపడిందంటే మన క్రీడా చర్చల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. మనుషుల్ని సంతలో ఎడ్లలా పాట పాడడం సిగ్గుచేటు, అమెరికా బాస్కెట్‌బాల్‌ను చూసి నేర్చుకోండి, అక్కడ డ్రాఫ్ట్ ఉంది, డబ్బున్న జట్టు కాదు ఓడిన జట్టే ముందు ఎంచుకుంటుంది, న్యాయమంటే అదీ అని. టీవీ చర్చల్లో పెద్దలు అంటారు, పత్రికల్లో విశ్లేషకులు రాస్తారు. మా పోచంపల్లిలో సాయంత్రం బడి మైదానానికి వచ్చే పిల్లలు కూడా ఫోన్లలో విని అదే అప్పజెబుతారు. మొన్న ఇంటర్ చదివే కుర్రాడొకడు, "గదే కరెక్ట్ గద అన్నా, లాస్ట్‌ల ఉన్నోళ్లకు ఫస్ట్ ఛాన్స్ ఇస్తే అందరు సమానమైతరు" అన్నాడు. వాడి మనసు మంచిది. బలహీనుడికి ముందు పెట్టాలన్న ఆలోచనా మంచిదే. కానీ వాడు మెచ్చుకుంటున్న పద్ధతిలో ఆ బలహీనుడు జట్టు యజమాని. ఆడే పిల్లాడు కాడు.

వేలం గురించి పై మాటలో సగం నిజముంది, దాని సంగతి తర్వాత చూద్దాం. డ్రాఫ్ట్ న్యాయమన్న రెండో సగం మాత్రం పూర్తిగా తప్పు. ఇలా అంటున్నవాళ్లు దాని చరిత్రలోకి తొంగిచూసినట్టు లేదు.

ముందు అది ఎలా నడుస్తుందో చూద్దాం. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఏటా జూన్‌లో డ్రాఫ్ట్ పెడుతుంది. 30 జట్లు, రెండు రౌండ్లు. కొత్తగా వృత్తిలోకి వచ్చే కుర్రాళ్ల పేర్లు ముందు పెట్టుకుని ఒక్కో జట్టు తన వంతు వచ్చినప్పుడు ఒకరిని ఎంచుకుంటుంది. ఒక జట్టు ఎంచుకున్న పిల్లాడితో ఆ లీగ్‌లో మరే జట్టూ బేరమాడకూడదు. పొగిడేవాళ్లు వంతుల గురించే చెబుతారు, ఈ చివరి నిబంధన ఊసెత్తరు. డ్రాఫ్ట్ ప్రాణమంతా అందులోనే ఉంది. దాన్ని తీసేస్తే ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరుసకు అర్థమే ఉండదు.

పంచడమంటే ఏమిటో మా ఊరికి ఒకరు చెప్పనక్కర్లేదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఇక్కడికి వచ్చినప్పుడు భూమి లేని దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలన్నాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం తర్వాత ఎంత సాధించింది, ఎంత చేయలేకపోయింది అన్నది వేరే చర్చ. ఆ రోజు ఆయన ఇచ్చింది మాత్రం తన భూమి. డ్రాఫ్ట్‌లో గెలిచిన యజమాని ఓడిన యజమానికి ఇస్తున్న తన సొత్తు ఏమిటి? ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లాడు ఏ ఊళ్లో, ఎవరి దగ్గర, ఎంతకు పనిచేయాలో తేల్చుకునే హక్కును ఆ ఇద్దరూ కలిసి పంచుకుంటున్నారు. ఆ హక్కు వాళ్లలో ఏ ఒక్కరిదీ కాదు. దీన్ని సమానత్వమని పిలవడం నాకు చేతకాదు.

పుట్టుక చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. డ్రాఫ్ట్ మొదట బాస్కెట్‌బాల్‌లో పుట్టలేదు, అమెరికన్ ఫుట్‌బాల్‌లో పుట్టింది. ఫిలడెల్ఫియా ఈగిల్స్ యజమాని బెర్ట్ బెల్, మిన్నెసోటా విశ్వవిద్యాలయ ఆటగాడు స్టాన్ కోస్ట్కా కోసం బ్రూక్లిన్ జట్టుతో పోటీపడ్డాడు. కోస్ట్కా బ్రూక్లిన్‌కు పోయాడు. ఆ దెబ్బ తిన్న బెల్ 1935లో తోటి యజమానుల ముందు పెట్టిన ప్రతిపాదనే డ్రాఫ్ట్. బలహీన జట్లు బతకాలని ఆయన చెప్పిన మాట నిజమే, ఆయన జట్టే ఆ రోజుల్లో బలహీన జట్టు. కానీ బలహీన జట్టును బతికించడానికి దారులు చాలా ఉన్నాయి. ఒకే పిల్లాడి కోసం ఇద్దరు యజమానులు పోటీపడి ధర పెంచే అవకాశాన్ని మూసేసే దారినే వాళ్లు ఎంచుకున్నారు. 1936లో జరిగిన తొలి డ్రాఫ్ట్‌లో మొదటి పేరు జే బెర్వాంగర్‌ది. దేశంలోనే మేటి కళాశాల ఆటగాడు. అడిగిన సొమ్ము దగ్గర బేరం కుదరలేదు, ఇంకో జట్టు దగ్గరికి వెళ్లే దారి లేదు. ఆయన వృత్తి ఫుట్‌బాల్ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

పదకొండేళ్ల తర్వాత, 1947లో, బాస్కెట్‌బాల్ యజమానులు అదే పద్ధతి తెచ్చుకున్నారు. తర్వాత ఎన్‌బీఏగా మారిన బీఏఏ లీగ్ అది. మొదటి ఎంపిక క్లిఫ్టన్ మెక్‌నీలీ, ఎంచుకున్నది పిట్స్‌బర్గ్ ఐరన్‌మెన్. ఆయనా ఆ లీగ్‌లో అడుగుపెట్టలేదు, టెక్సస్‌లో బడిపిల్లలకు కోచ్ అయ్యాడు. ఆయన్ను ఎంచుకున్న జట్టు ఆ సీజన్ మొదలయ్యేలోపే మూతపడింది. ఫుట్‌బాల్‌లో మొదటివాడూ, బాస్కెట్‌బాల్‌లో మొదటివాడూ ఇద్దరూ ఆడలేదు. డ్రాఫ్ట్ ఆటగాడికి వరమని చెప్పేవాళ్లు ఈ రెండు పేర్లను ఒకసారి గుర్తుచేసుకోవాలి.

తొలి దశాబ్దాల్లో ఎన్‌బీఏ ఈ సమానత్వాన్ని తానే పట్టించుకోలేదు. 1965 దాకా ప్రాంతీయ ఎంపిక అని ఒకటి ఉండేది. చుట్టుపక్కల ప్రాంతంలో పేరున్న కళాశాల ఆటగాడు ఉంటే, స్థానిక జట్టు తన మొదటి రౌండ్ వంతు వదులుకుని అతన్ని నేరుగా తీసుకోవచ్చు. స్థానిక కుర్రాడుంటే టికెట్లు అమ్ముడవుతాయని ఆ ఏర్పాటు. 1959లో విల్ట్ చాంబర్లిన్ కాన్సస్‌లో చదివితే, అక్కడ జట్టు లేదు కనుక, బడి చదువు ఫిలడెల్ఫియాలో చదివాడన్న కారణం చూపి ఫిలడెల్ఫియా వారియర్స్ తీసుకుంది. 1966లో ఆ ఏర్పాటు పోయి, రెండు అట్టడుగు జట్ల మధ్య నాణెం ఎగరేయడం వచ్చింది. 1985లో లాటరీ వచ్చింది. ఓడిన జట్టుకే మొదటి వంతు ఖాయమైతే జట్లు కావాలని ఓడిపోతున్నాయన్న అనుమానం బలపడడమే దానికి కారణం. 1990లో అట్టడుగు జట్లకు ఎక్కువ అవకాశం ఉండేలా లాటరీని మార్చారు, 1994లో ఆ అవకాశాన్ని ఇంకా పెంచారు, 2019లో మళ్లీ తగ్గించి ఆఖరి మూడు జట్లకూ తలా 14 శాతం చేశారు. ఇన్నిసార్లు కుట్లు వేసినా చిరుగు చిరుగుగానే ఉంది.

కావాలని ఓడడం అనుమానంగానే మిగిలిపోలేదు కూడా. ఫిలడెల్ఫియా సెవెంటీ సిక్సర్స్ 2013 నుంచి 2016 దాకా మూడు సీజన్లలో 246 మ్యాచ్‌లు ఆడి 47 గెలిచింది. భవిష్యత్తులో మంచి వంతులు దొరకడం కోసం ఆడించిన ఆట అది. 2018లో డాలస్ యజమాని మార్క్ క్యూబన్, ఓడడమే మనకు మేలని తన ఆటగాళ్లకు చెప్పానని బయటే అంటే, లీగ్ 6 లక్షల డాలర్ల జరిమానా వేసింది. జరిమానా ఆ మాటకు పడింది, అలా అనిపించిన పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు. టికెట్ కొని వచ్చిన మనిషి తన జట్టు ఓడిపోతే సంతోషించాల్సిన స్థితి తెచ్చిన పద్ధతిని, ఆట మీద ప్రేమ ఉన్నవాళ్లు ఎలా మెచ్చుకుంటారో నాకు అర్థం కాదు.

సరే, జట్ల మధ్య సమానత్వమైనా వచ్చిందా? బోస్టన్ సెల్టిక్స్ 1957 నుంచి 1969 దాకా 13 సీజన్లలో 11 కప్పులు కొట్టింది, అందులో 8 వరుసగా. అప్పుడూ డ్రాఫ్ట్ ఉంది. 2025 దాకా జరిగిన 79 సీజన్లలో బోస్టన్ 18, లేకర్స్ 17, రెండు జట్లకే 35 కప్పులు. ఇంకోవైపు, 2013 నుంచి ముంబైలో పుట్టిన వివేక్ రణదివె చేతిలో ఉన్న శాక్రమెంటో కింగ్స్ 2006-07 నుంచి వరుసగా 16 సీజన్లు ప్లేఆఫ్ ముఖం చూడలేదు. ముందు వరుసలో వంతులు వస్తూనే ఉన్నాయి. 2018లో రెండో వంతు వస్తే లూకా డాంచిచ్‌ను వదిలేసి మార్విన్ బాగ్లీని తీసుకుంది. చేతకాని యాజమాన్యానికి ఏటా మంచి పిల్లాణ్ని అప్పగిస్తే జట్టు బాగుపడదు, పిల్లాడి ఏళ్లు వృథా అవుతాయి.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. స్పెన్సర్ హేవుడ్ 1949లో మిసిసిపీలోని సిల్వర్ సిటీ అనే చిన్న పల్లెలో పుట్టాడు. చిన్నతనంలో పత్తి ఏరాడు. 19 ఏళ్లకు 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో బంగారు పతకం. అప్పట్లో ఎన్‌బీఏ నిబంధన ఏమంటే, హైస్కూలు పూర్తయి నాలుగేళ్లు గడిచేదాకా ఎవరూ డ్రాఫ్ట్‌కు అర్హులు కారు. ఆ నాలుగేళ్లూ కళాశాలకు జీతం లేకుండా ఆడాలి. కళాశాలలు టికెట్లు అమ్ముకుంటాయి, లీగ్‌కు పేరు మోసిన ఆటగాళ్లు ఉచితంగా తయారవుతారు. ఇంట్లో పొయ్యి వెలగని పిల్లాడి సంగతి ఎవరికీ పట్టలేదు. పోటీ లీగ్ ఏబీఏలో ఒక ఏడాది ఆడిన హేవుడ్‌ను 1970లో సియాటిల్ సూపర్‌సోనిక్స్ యజమాని శామ్ షుల్మన్ నిబంధన కాదని తీసుకున్నాడు. లీగ్ విరుచుకుపడింది. కోర్టు ఉత్తర్వులు మారినప్పుడల్లా అతను ఆడడం, ఆగడం. వేరే ఊళ్లలో ఆటకు దిగితే, చట్టవిరుద్ధమైన ఆటగాడు మైదానంలో ఉన్నాడని మైకులో చెప్పించి బయటికి పంపేవారని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. ఎత్తు ఆరడుగుల ఎనిమిది అంగుళాలు, వయసు 21, మెడలో దేశానికి తెచ్చిన పతకం. చేసిన తప్పల్లా పని అడగడం. 1971 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో హేవుడ్‌కు అనుకూలంగా చెప్పింది. కెవిన్ గార్నెట్, కోబీ బ్రయంట్, లెబ్రాన్ జేమ్స్ బడి నుంచి నేరుగా వచ్చి కోట్లు సంపాదించగలిగారంటే ఆ తలుపు తెరిచింది హేవుడ్. డ్రాఫ్ట్ గొప్పతనానికి రుజువుగా ఈ పేర్లే చూపించేవాళ్లు, వాళ్లను రానిచ్చింది డ్రాఫ్ట్ కాదని, దాని మీద కోర్టుకెక్కిన మనిషని చెప్పరు. 2006 డ్రాఫ్ట్ నుంచి లీగ్ 19 ఏళ్ల వయోపరిమితి పెట్టి ఆ తలుపును మళ్లీ సగం మూసింది.

ఆటగాళ్లకు డబ్బు ఎప్పుడు పెరిగిందో కూడా చరిత్ర దాచలేదు. 1967లో ఏబీఏ అనే రెండో లీగ్ వచ్చింది, 1976లో ఎన్‌బీఏలో కలిసిపోయింది. ఆ తొమ్మిదేళ్లూ ఒకే ఆటగాడి కోసం ఇద్దరు బేరగాళ్లు ఉన్నారు, జీతాలు ఎన్నో రెట్లు పెరిగాయి. రెండు లీగులూ కలిసిపోవాలని చూస్తే ఆటగాళ్ల సంఘం తరఫున ఆస్కార్ రాబర్ట్‌సన్ 1970లో కోర్టుకు వెళ్లాడు. 1976 రాజీలో, ఎంపికైన ఆటగాడు సంతకం చేయకపోతే జట్టుకు అతని మీద ఏడాది దాకే హక్కు, తర్వాత అతను మళ్లీ డ్రాఫ్ట్‌లోకి రావచ్చని తేలింది. అంతకుముందు ఆ హక్కుకు గడువే లేదు.

పోచంపల్లిలో మగ్గం ముందు పెరిగినవాళ్లకు ఇది కొత్త కథ కాదు. ఆసామి నూలు ఇస్తాడు, రంగు ఇస్తాడు, డిజైను ఇస్తాడు, చీరకు ఇంత అని మజూరీ ఆయనే చెబుతాడు. బిడ్డ పెళ్లికి తీసుకున్న బాకీ తీరేదాకా నేతగాడు ఇంకో ఆసామి గడప తొక్కలేడు. ఇక్కత్ చీరకు జీఐ గుర్తింపు వచ్చింది, ఊరికి ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ గౌరవం వచ్చింది. మజూరీ పెంచేది మాత్రం ఆ గుర్తింపులు కావు. రెండో ఆసామో, సహకార సంఘమో వచ్చి నేను ఇంతిస్తానంటేనే మొదటివాడి చెయ్యి కదులుతుంది. ఊళ్లో ఆసామీలంతా కూర్చుని, ఈ ఏడు ఏ ఇంటి మగ్గం ఎవరిదో చీట్లు వేసి పంచుకుంటే, అందులో నష్టాల్లో ఉన్న ఆసామికి మొదటి చీటీ ఇస్తే, దాన్ని మా వీధిలో ఒక్కరు కూడా న్యాయం అనరు.

కలిసి నడిచే యజమానులు కొత్తవాళ్ల జీతాన్ని ఏం చేస్తారో 1994, 1995 పక్కపక్కన పెట్టి చూడండి. 1994లో మొదటి ఎంపిక గ్లెన్ రాబిన్సన్ మిల్వాకీతో పట్టుబట్టి పదేళ్లకు 6 కోట్ల 80 లక్షల డాలర్ల ఒప్పందం తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది నుంచి కొత్తవాళ్లకు వంతును బట్టి నిర్ణీత జీతాల పట్టిక వచ్చింది. 1995లో మొదటి ఎంపిక జో స్మిత్‌కు మూడేళ్లకు సుమారు 85 లక్షల డాలర్లు. ఆ పట్టికను ఆటగాళ్ల సంఘమే ఒప్పుకుంది కదా అంటారు. ఒప్పుకున్నది అప్పటికే లీగ్‌లో ఉన్న ఆటగాళ్లు. పట్టిక వర్తించే పిల్లలు ఇంకా బడుల్లో, కళాశాలల్లో ఉన్నారు, వాళ్లకు ఓటు లేదు. లేనివాళ్ల జేబులోంచి తీసి ఉన్నవాళ్లు సర్దుకున్నారు.

మన సంగతికి వస్తే, డ్రాఫ్ట్ మనకు తెలియనిదేం కాదు, ఒకసారి రుచి చూశాం. 2008 ఐపీఎల్‌లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన కుర్రాళ్లను వేలంలో పెట్టలేదు, నిర్ణీత మొత్తానికి డ్రాఫ్ట్‌లో పంచారు. ఢిల్లీకి విరాట్ కోహ్లీని తీసుకునే అవకాశం ఉన్నా ప్రదీప్ సాంగ్వాన్‌ను తీసుకుంది, కోహ్లీ బెంగళూరుకు పోయాడు. ఆ అండర్-19 జట్టులోనే ఉన్న రవీంద్ర జడేజా రాజస్థాన్ వాటాలో పడ్డాడు. 2010లో వేరే జట్టుతో మాట్లాడాడని అతన్ని ఆ సీజన్ మొత్తం ఆడనివ్వలేదు. 21 ఏళ్ల కుర్రాడు తన పనికి ఇంకొకరు ఎంతిస్తారో కనుక్కోవడమే నేరమైంది. 2011 వేలంలో అతనికి కొచ్చి 9 లక్షల 50 వేల డాలర్లు ఇచ్చింది. 2012లో చెన్నై, మన డెక్కన్ చార్జర్స్ రెండూ గరిష్ఠంగా 20 లక్షల డాలర్ల దాకా పాడి ముడిపడ్డాయి, చివరికి చెన్నై గెలిచింది. పిల్లాడు అదే పిల్లాడు. ఇద్దరు బేరగాళ్లను ఎదురెదురుగా నిలబెట్టారు, అంతే తేడా.

హైదరాబాద్ జట్టులోనే ఇంకా సూటిగా కనిపించే ఉదాహరణ ఉంది. 2013 దాకా దేశానికి ఆడని మన ఆటగాళ్లకు వేలం లేదు. రంజీల్లో ఆడిన ఏళ్లను బట్టి 10, 20, 30 లక్షల రూపాయలు, అంతకు మించి ఇవ్వకూడదు. కర్ణ్ శర్మ 2013లో ఆ నిబంధన కిందే సన్‌రైజర్స్‌కు ఆడాడు. 2014లో నిబంధన ఎత్తేసి వాళ్లనూ వేలంలో పెట్టారు. అదే సన్‌రైజర్స్ అదే కర్ణ్ శర్మకు 3 కోట్ల 75 లక్షలు ఇచ్చింది. ఒక్క ఏడాదిలో అతని లెగ్‌స్పిన్ పదింతలైందా? కాలేదు. అంతకుముందు అతనికి రావాల్సింది రాకుండా ఆపారు. ఆ తర్వాత 2017లో ఆటో డ్రైవర్ కొడుకు మహమ్మద్ సిరాజ్ 20 లక్షల కనీస ధరతో వేలానికి వచ్చి 2 కోట్ల 60 లక్షలకు సన్‌రైజర్స్‌కు వెళ్లాడు. పాత నిర్ణీత ధరలే ఉండి ఉంటే, లేదా మనవాళ్లు కోరుతున్న డ్రాఫ్ట్ వచ్చి ఉంటే, ఆ ఇంటికి ఆ డబ్బు చేరేది కాదు. వేలం అవమానమని బాధపడేవాళ్లు ఆ ఇంటి గడప దాకా వెళ్లి ఆ మాట అనగలరా?

ప్రో కబడ్డీలో మన తెలుగు టైటాన్స్‌ను చూపించి వాదించేవాళ్లూ ఉన్నారు. మూడు సీజన్లు వరుసగా అట్టడుగున ఉంది, డ్రాఫ్ట్ ఉంటే మొదటి వంతు దొరికి బాగుపడేదని. నిజమే, 2021-22, 2022, 2023-24 సీజన్లలో టైటాన్స్ 66 మ్యాచ్‌లు ఆడి 5 గెలిచింది. నేనూ ఆ ఓటములన్నీ చూసి కుమిలిన అభిమానినే. కానీ 2023 వేలంలో దేశంలోనే మేటి రైడర్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తెచ్చుకుంది, మొదటి వంతు దొరికినా అంతకంటే మంచి ఆటగాడు రాడు. ఆ సీజన్లో గెలిచింది రెండే మ్యాచ్‌లు. పవన్ జట్టు మారాక, 2025లో విజయ్ మాలిక్ నాయకత్వంలో ప్లేఆఫ్‌కు చేరింది. జట్టును నిలబెట్టింది డిఫెండర్ల కూర్పు, కోచింగ్, ఓపిక. ప్రో కబడ్డీలో కొత్త కుర్రాళ్లను వేలం బయట నిర్ణీత మొత్తానికి తీసుకునే ఏర్పాటు ఎలాగూ ఉంది, నవీన్ కుమార్ ఢిల్లీకి అలాగే వచ్చాడు. రాగానే అగ్రశ్రేణి రైడరయ్యాడు. అలాంటివాడి మొదటి సీజన్ల విలువ ఎవరికి మిగిలిందో ఆలోచించండి.

ఇక సత్నాం సింగ్. 2015లో 52వ వంతులో డాలస్ అతన్ని ఎంచుకుంది, ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడు. డ్రాఫ్ట్ వల్లే మనకు ఆ గౌరవం దక్కిందంటారు. రెండో రౌండ్‌లో ఎంపికైనవాడికి ఒప్పందం ఇవ్వాలన్న పూచీ లేదు. సత్నాం ఎన్‌బీఏ సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అతను ఎంపికవడానికి రెండు నెలల ముందే, 2015 ఏప్రిల్‌లో, భారత సంతతికి చెందిన సిమ్ భుల్లర్ శాక్రమెంటో తరఫున ఎన్‌బీఏ కోర్టులో దిగాడు. 2014 డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ ఎంచుకోలేదు.

వేలాన్ని నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. పాట పాడే చోట మనిషి పేరు పలికి సుత్తి కొట్టడం చూస్తే నాకూ కడుపులో తిప్పుతుంది. అక్కడా ఆటగాడికి ఏ జట్టుకు వెళ్లాలో చెప్పే హక్కు లేదు, జట్లకు ఖర్చు పరిమితి ఉంది. ఆ అవమానానికి మందు ఆటగాడి చేతికి మాట ఇవ్వడం. డ్రాఫ్ట్ ఉన్న కొంచెం బేరాన్నీ లాగేసుకుంటుంది. ఎన్‌బీఏలోనే 1988లో టామ్ చాంబర్స్ ఏ ఆంక్షా లేకుండా తనకు నచ్చిన జట్టుకు వెళ్లిన తొలి ఆటగాడయ్యాడు. లీగ్ కూలిపోలేదు. యూరప్ ఫుట్‌బాల్‌లో డ్రాఫ్టే లేదు.

మరి చిన్న జట్లు ఎలా బతకాలి? ఇది న్యాయమైన ప్రశ్న, జవాబూ ఉంది. టీవీ హక్కుల డబ్బు, స్పాన్సర్ల డబ్బు యజమానులదే. దాన్ని పంచుకోండి, బలహీన జట్టుకు ఎక్కువ వాటా ఇవ్వండి. సొంత సొమ్ము పంచితే ఎవరికీ అభ్యంతరం లేదు.

తెలంగాణలో బాస్కెట్‌బాల్ లీగ్ అన్నది ఊహ కాదు. 2015లో మొదలైన యూబీఏ లీగ్‌లో హైదరాబాద్ స్కై ఆడింది, ఆ లీగ్ 2017 తర్వాత లేదు. 2025లో ఐఎన్‌బీఎల్ ప్రోలో హైదరాబాద్ ఫాల్కన్స్ వచ్చింది. రేపు భువనగిరి నుంచో, నల్గొండ నుంచో, మహబూబ్‌నగర్ నుంచో ఒక ఆరున్నర అడుగుల పిల్లాడు అలాంటి జట్టు కాగితం మీద సంతకం చేస్తాడు. అప్పుడు డ్రాఫ్ట్ పెట్టి తీరుతామని నిర్వాహకులు అంటే, జట్టు హక్కు ఏడాదికి మించకూడదని 1976లో అమెరికా ఆటగాళ్లు గెలుచుకున్న షరతు మొదటి పేజీలోనే ఉండాలి. ఎంపికైన ప్రతివాడికీ ఆడించినా ఆడించకపోయినా జీతం, గాయమైతే వైద్యం, లీగ్ మూతపడితే మిగిలిన ఒప్పందం సొమ్ము బ్యాంకు పూచీతో రావాలి. ఆ నిబంధనలు రాసే బల్ల దగ్గర ఆటగాళ్ల సంఘం ప్రతినిధి కూర్చోవాలి. ఇంకా సంతకం చేయని పిల్లల తరఫున అడ్డుచెప్పే అధికారం అతనికి ఉండాలి.